నెక్సాన్ ఈవీ 45తో మొదటి నెల: నిజాంపేట నుంచి తెనాలి దాకా

తెనాలి_ప్యాసింజర్

నమస్తే అందరికీ. ఇన్నాళ్ళూ చదివిపోవడమే కానీ ఇక్కడ రాయడం ఇదే మొదలు. పన్నెండేళ్ళు నడిపిన పెట్రోలు కారు ఇచ్చేసి టాటా వాళ్ళ నెక్సాన్ ఈవీ (కరెంటు కారు) తెచ్చుకున్నాం. బ్యాటరీ 45 కిలోవాట్ అవర్లది, ఇంటి మీటరు భాషలో చెప్పాలంటే 45 యూనిట్లు. తెలంగాణలో 2024 నవంబరు నుంచి ఈవీలకు రోడ్ టాక్సూ, రిజిస్ట్రేషన్ ఫీజూ తీసేశారు కదా, 2026 చివరి దాకా. నిజం చెప్పొద్దూ, ఆ మాఫీ లేకపోతే ఇంకో రెండేళ్ళు పాతదాంతోనే నెట్టుకొచ్చేవాణ్ణి.

షోరూం ముందు పూజ చేసి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. బండి కదలగానే అవి టప్పున చితికిన చప్పుడు లోపలికి వినపడింది. ఇంతకుముందు రెండు కార్లకి ఇదే పూజ చేశాం, నిమ్మకాయ చప్పుడు వినడం మాత్రం ఇదే.

మొదటి వారమంతా ఆఫీసుకే. ట్రాఫిక్‌లో దీని సుఖం వేరు. స్టీరింగ్ వెనక రెండు మీటలుంటాయి, వాటితో రీజెన్ (నెమ్మదించేటప్పుడు బండి ఊపుని కరెంటుగా మార్చి బ్యాటరీలోకి పంపడం) సున్నా నుంచి మూడు దాకా మార్చుకోవచ్చు. మూడులో పెడితే యాక్సిలరేటర్ మీద కాలు సడలించగానే ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగినట్టు బండి నెమ్మదిస్తుంది. నాకు భలే నచ్చింది, బ్రేకుతో పని తగ్గింది. అమ్మ వెనక సీట్లో కూర్చుంది. జేఎన్‌టీయూ దాటేసరికి "ఒరేయ్, ఏంట్రా ఈ ఊపుడు, కడుపులో తిప్పుతోంది" అంది. ఒకటికి తగ్గించి, కాలు మెల్లగా తీయడం నేర్చుకున్నాక ఆవిడ నిద్రపోయింది. వెనక పెద్దవాళ్ళు ఉంటే మూడు జోలికి పోకండి.

తర్వాత అసలు పరీక్ష, తెనాలి. తెల్లవారుజామున ఐదున్నరకి వంద శాతంతో బయల్దేరాం. నలుగురం, ఏసీ, డిక్కీ నిండా సామాను. ఎల్బీ నగర్, పంతంగి టోల్ దాటి సూర్యాపేట చేరేసరికి 165 కిలోమీటర్లయింది, బ్యాటరీ 44 శాతం. హైవే మీద 90 దగ్గర పట్టుకుని నడిపాను, యూనిట్‌కి ఆరున్నర కిలోమీటర్లు వచ్చింది. ఒక్క చార్జికి ఇన్ని అని పరీక్షల్లో చెప్పే 489 కిలోమీటర్లు మన రోడ్ల మీద ఆశించకండి. రోజువారీ వాడకానికి 350 నుంచి 370 అని టాటా వాళ్ళే వేరే లెక్క ఇచ్చారు. హైవే మీద నాకు 300 లోపే పడేట్టుంది.

ఇక సూర్యాపేట. హోటల్ ఆవరణలో చార్జర్ ఉంది, రెండు గన్నులు (కారుకి తగిలించే ప్లగ్గులు). ఒక దాని ముందు పెట్రోలు కారు నీడ కోసం పెట్టి, టిఫినుకి వెళ్ళారు. వాచ్‌మన్ లోపలికెళ్ళి ఒక్కో టేబుల్ దగ్గరా నంబరు చదివి, వాళ్ళని పట్టుకొచ్చి తీయించాడు. తీరా చూస్తే ఆ రెండో గన్ పనిచేయదట! కనెక్ట్ అవుతుంది, స్క్రీన్ మీద చక్రం తిరుగుతుంది, ఎర్ర లైటు వెలుగుతుంది. మొదటి గన్‌కి ఆల్రెడీ ఇంకో కారు. దాని ఓనరు, పాపం, "నాకింకో పది నిమిషాలండీ, ఈలోగా మీరు ఇడ్లీ తినండి" అన్నాడు. యాప్ దించుకోవాలి, అందులో వాలెట్‌లో ముందుగా ఐదొందలు వెయ్యాలి, ఓటీపీ రావాలి. సిగ్నల్ కోసం నేను ఫోన్ పట్టుకుని హోటల్ చుట్టూ ప్రదక్షిణ చేస్తుంటే మా పాప వీడియో తీసింది.

చివరికి 44 నుంచి 85కి ఎక్కించడానికి 42 నిమిషాలు, పన్ను కలిపి 480 రూపాయలు. అక్కడ మొత్తం గంటా ఇరవై నిమిషాలు పోయాయి. తెనాలి చేరేసరికి 27 శాతం మిగిలింది. దారి పొడుగునా బ్యాటరీ వైపు చూస్తూ నడిపాను, చివరికి టెన్షన్ పెట్టింది మాత్రం బ్యాటరీ కాదు.

తెనాలి ఇంటి దగ్గర ఇంకో కథ. కిటికీలోంచి వైరు లాగి ఏసీ సాకెట్‌లో చార్జర్ పెడితే ఎర్ర లైటు. నాన్న "కొత్త బండి అప్పుడే పాడైందా?" అన్నారు. సాకెట్ మార్చి పెట్టినా అంతే. మిగతాది రేపు రాస్తాను, నిద్రొస్తోంది.

డీజిల్_దొర

అభినందనలు బాస్. బండి బాగుంది, కాదనను. కానీ మీరు రాసింది మీరే ఒకసారి చదువుకోండి: వాచ్‌మన్, యాప్, ఓటీపీ, ప్రదక్షిణ, ఎర్ర లైటు. నేను మొన్న ఇదే దారిలో వెళ్ళాను. నార్కట్‌పల్లిలో టీ, నందిగామలో ఇంకో టీ, ఐదు గంటల్లో ఇంట్లో ఉన్నాను. ఎవరి నంబరూ చదివించలేదు :)

కరెంటు_మాస్టారు

ప్యాసింజర్ గారూ, ఎర్ర లైటు అనగానే అర్థమైంది. అది బండి తప్పు కాదు, ఎర్తింగ్ (లీకైన కరెంటుని భూమిలోకి పంపే ఏర్పాటు). ముప్పై ఏళ్ళు విద్యుత్ శాఖలో చేసి రిటైరయ్యాను కాబట్టి చెప్తున్నాను. మన పాత ఇళ్ళలో మూడో పిన్నుకి వైరు ఉంటుంది, అది వెళ్ళేచోట మాత్రం సరుకు ఉండదు. గోడలో కలిపి వదిలేసినవీ చూశాను, నీళ్ళ పంపు పైపుకి చుట్టినవీ చూశాను. ఫ్రిజ్, ఏసీ పట్టించుకోవు, నడుస్తాయి. కారు చార్జర్ ముందు ఎర్త్ చూసుకుంటుంది, సరిగా లేకపోతే కరెంటు తీసుకోదు.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజి కొలిపించండి. రెండు మూడు వోల్టులు దాటితే ఎర్త్ గుంటలో (ఎర్త్ కడ్డీ పాతిన చోట) లోపం ఉన్నట్టే. గుంటలో బొగ్గు, ఉప్పు వేసి నీళ్ళు పోయాలి. వేసవిలో భూమి ఎండితే మళ్ళీ అదే సమస్య వస్తుంది, వారానికి రెండు బిందెలు పోస్తుండండి.

ఒక్క మాట, ఇది అందరికీ. కొందరు ఎలక్ట్రీషియన్లు సాకెట్ వెనక న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ చిన్న వైరు ముక్కతో కలిపేసి "అయిపోయింది సార్" అంటారు. చార్జర్ మోసపోయి పచ్చ లైటు ఇస్తుంది. ఎప్పుడైనా న్యూట్రల్ తెగితే కారు బాడీకే 230 వోల్టులు వస్తాయి. ఆ పని ఎవర్నీ చేయనివ్వకండి.

తెనాలి_ప్యాసింజర్

మాస్టారూ, మీకు దండం. మీరు చెప్పిన ఆ వైరు ముక్క పనే చేయబోయాడు మావాడు! నాన్నకి తెలిసిన ఇంకో పెద్దాయన వచ్చి వద్దని ఆపాడు. ఆయన పెరట్లో తులసికోట వెనక ఎర్త్ గుంట వెతికి పట్టుకున్నాడు, పైన సిమెంటు చేసేశారు. పగలగొడితే లోపల ఇనుప కడ్డీ తుప్పు పట్టి, చేత్తో విరిస్తే విరిగిపోయేలా ఉంది. ఇంటి వయసు నలభై ఏళ్ళు. అంటే ఇన్నేళ్ళూ గీజర్ కింద మేం అలాగే స్నానాలు చేశాం. అది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది. కొత్త కడ్డీ, బొగ్గు, రాళ్ళ ఉప్పు అన్నీ తెప్పించి సాయంత్రానికి పూర్తి చేశారు. రాత్రి ఎనిమిదికి పెడితే పచ్చ లైటు వెలిగింది, పొద్దున ఏడుకి వంద శాతం. నాన్న రాత్రి రెండుసార్లు లేచి వైరు వేడెక్కిందేమోనని ముట్టుకుని చూశారట.

కారు పేరు చెప్పి ఇంటికి ఎర్తింగ్ వచ్చింది. దొర గారూ, ఇది మీ లెక్కలో వేసుకోరా?

డీజిల్_దొర

ఎర్తింగ్‌కి ఎలక్ట్రీషియన్ చాలు, పద్దెనిమిది లక్షల కారు అక్కర్లేదు. ఆ మాట అలా ఉంచి రానుపోను ఖర్చు చెప్పండి.

తెనాలి_ప్యాసింజర్

సరే, లెక్క. మొత్తం 670 కిలోమీటర్లు. ఇంటి దగ్గర వంద శాతానికి దాదాపు 50 యూనిట్లు లాగుతుంది (చార్జర్‌లో కొంత వేడిగా పోతుంది). మా మీటరు మూడొందలు దాటింది కాబట్టి యూనిట్ 9 రూపాయలు, అంటే 450. సూర్యాపేటలో పోయేటప్పుడు 480, వచ్చేటప్పుడు 500. తెనాలిలో నాన్న బిల్లు 250 అనుకుందాం. మొత్తం 1,680. నా పాత పెట్రోలు కారు లీటరుకి పదిహేను ఇచ్చేది, 107 రూపాయల చొప్పున 4,800 దాకా అయ్యేది.

డీజిల్_దొర

పాత పెట్రోలు కారుతో పోల్చితే ఎలా? నా డీజిల్ హైవే మీద పద్దెనిమిది ఇస్తుంది. 37 లీటర్లు, మూడున్నర వేలు. తేడా రెండు వేల లోపు. దానికి రానుపోను మీరు సూర్యాపేటలో కూర్చున్నది రెండున్నర గంటలు. పైగా కొనేటప్పుడు రెండు మూడు లక్షలు ఎక్కువ పెట్టారు. నెలకొకసారి తెనాలి వెళ్తే ఆ డబ్బు రావడానికి ఎన్నేళ్ళు?

సాగరతీరం_వైజాగ్

తెనాలి ఒక్కటే లెక్కేస్తే రాదు దొర గారూ. ఈవీ డబ్బులు సంపాదించేది రోజూ తిరిగే ఊళ్ళో. నాది టియాగో ఈవీ, చిన్న బ్యాటరీ, 24 యూనిట్లు. మధురవాడ నుంచి గాజువాక, రానుపోను 60 కిలోమీటర్లు, రెండేళ్ళుగా. ఊళ్ళో యూనిట్‌కి ఎనిమిది తగ్గదు. ఇంట్లో చార్జ్ చేస్తే కిలోమీటరుకి రూపాయి చిల్లర. హైవే మీద ఆ లాభంలో సగం చార్జర్ వాళ్ళకి పోతుంది, అది ఒప్పుకుంటాను.

ప్యాసింజర్ గారూ, మీరు ఘాట్ రోడ్డు ఎక్కించారా? ఈవీ అసలు రుచి అక్కడే ఉంది. పోయిన డిసెంబరులో అరకు వెళ్ళాం. శృంగవరపుకోట దాటాక ఎక్కుడు మొదలవగానే శాతాలు ఇసుకలా జారిపోయాయి. మా ఆయన పక్కన కూర్చుని పైకే లెక్కబెడుతున్నారు, "అరవై రెండు... అరవై ఒకటి..." అని. నేను ఫిజిక్స్ టీచర్ని, నోరు మూసుకోమని చెప్పి లెక్క చేసి చూపించాను. కారూ మనుషులూ కలిపి 1,400 కిలోలు. వెయ్యి మీటర్లు ఎత్తడానికి నాలుగు యూనిట్ల లోపే కావాలి. మా బ్యాటరీలో ఆరో వంతు. ఆ ఎత్తుకి అదనంగా పోయేది అంతే. గాలి, టైర్ల రాపిడి ఎక్కడైనా ఉండేవే.

దిగేటప్పుడు అందులో సగానికి పైగా వెనక్కొచ్చింది. అనంతగిరి దాటి కిందికి వస్తుంటే శాతం తగ్గడం పోయి పెరగడం మొదలైంది. ఈసారి కూడా ఆయనే లెక్కబెట్టారు, గొంతు మాత్రం మారింది. బ్రేకులు చల్లగా ఉన్నాయి. పాత కారులో అదే ఘాట్ దిగితే కింద మాడిన వాసన వచ్చేది.

ఒక జాగ్రత్త: కొండ మీద బస చేసి వంద శాతం చార్జ్ చేసుకుని దిగకండి. నిండు కుండలో నీళ్ళు పట్టవు, రీజెన్ పనిచేయదు, మామూలు బ్రేకుల మీదే దిగాలి. నేను 80 దగ్గర ఆపేస్తాను.

పాలమూరు_పిల్లగాడు

అక్కా, లెక్క మంచిగ చెప్పిన్రు. మేమూ శ్రీశైలం పోవాలని చూస్తున్నం, మన్ననూర్ దాటినంక అడవిల చార్జర్ దొరకదేమోనని ఆగినం.

నా అనుభవం గూడ ఒకటి రాస్త. నా బండి వేరే కంపెనీది, పేరెందుకు గానీ. మూడు వారాలు ఊరికి పోయి వచ్చి చూస్తే సెల్లార్ల బండి డోర్ తెరుచుకుంటలేదు. రిమోట్ నొక్కితే చప్పుడు లేదు. తాళంచెవితోని తెరిచి లోపల కూసుంటే స్క్రీన్ నల్లగ. యాప్ల చూస్తేనేమో పెద్ద బ్యాటరీ 70 శాతం! సర్వీసోళ్ళకు ఫోన్ చేస్తే చెప్పిండ్రు, ముందర చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటదట, అది దిగిపోయిందట. అది లేకుంటే పెద్దదాన్ని కలిపే స్విచ్చే పడదు. గోదాం నిండ వడ్లున్నయి, తాళం తీసెటోడు లేడు.

పక్క ఫ్లాట్ ఆయన బండితోని కేబుళ్ళు పెట్టి జంప్ ఇచ్చినం. దొర అన్నా, అది డీజిల్ బండి. నువ్వు నవ్వుతవని తెలుసు.

డీజిల్_దొర

ఈ పోస్టు ప్రింట్ తీసి ఫ్రేమ్ కట్టిస్తాను.

ఫ్రిస్కో_బాబాయ్

ఇటు టెక్సాస్ నుంచి ఒక మాట. నేను 2019 నుంచి ఈవీ నడుపుతున్నాను. మొదటి నెల నేనూ సాగరతీరం గారి భర్తలాగే శాతాలు లెక్కబెట్టాను. తర్వాత ఫోన్‌లా అయిపోయింది, రాత్రి పెడతాం, పొద్దున తీస్తాం. ఇక్కడ మాకు చలికాలం దెబ్బ. బాగా చల్లబడినప్పుడు రేంజ్ నాలుగో వంతు దాకా పడిపోతుంది, హీటర్ కరెంటు తాగుతుంది. మీకు ఆ బాధ లేదు.

2021 ఫిబ్రవరిలో ఇక్కడ మంచు తుఫానుకి కరెంటు పోయినప్పుడు, కారులో హీటర్ వేసుకుని పిల్లల్ని అందులోనే పడుకోబెట్టాం. గరాజ్‌లో ఇంజన్ కారుతో ఆ పని చేస్తే పొగకి ప్రాణాలు పోతాయి. అప్పట్నించి మా ఆవిడ ఈ కారుని ఏమీ అననివ్వదు.

కొత్త_కొనుగోలుదారు

అన్నలూ అక్కలూ, బుక్ చేశాను, ఇంకా రాలేదు. రెండు సందేహాలు. రోజూ వంద శాతం పెట్టాలా, 80 దగ్గర ఆపాలా? ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తున్నారు. రెండోది, మా అపార్ట్‌మెంట్ వాళ్ళు పార్కింగ్‌లో పాయింట్ పెట్టుకోనివ్వడం లేదు. ఏం చేయాలి?

కరెంటు_మాస్టారు

బ్యాటరీ రకాన్ని బట్టి ఉంటుంది బాబూ. ఎల్ఎఫ్‌పీ రకమైతే, అంటే ఐరన్ ఫాస్ఫేట్, మధ్యలో వోల్టేజి దాదాపు ఒకేలా ఉంటుంది. 70 శాతమో 40 శాతమో కొలవడం బండికే కష్టం. అందుకే అప్పుడప్పుడు, వారానికోసారి అనుకో, ఇంటి చార్జర్ మీద నెమ్మదిగా వంద దాకా వెళ్ళనివ్వాలి. అప్పుడు లెక్క సరిచేసుకుంటుంది, సెల్స్ అన్నీ ఒక మట్టానికి వస్తాయి. టాటా కార్లలో ఈ రకమే. ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకమైతే రోజూ 80 చాలు, ప్రయాణమప్పుడే వంద. మీ బండి పుస్తకంలో ఏం రాస్తే అదే ఫైనల్, వాట్సాప్‌లో వచ్చింది కాదు.

తెనాలి_ప్యాసింజర్

రెండోదానికి నేను చెప్తాను, ఆ యుద్ధం చేసొచ్చాను కాబట్టి. మా అసోసియేషన్ మీటింగులో ముందు "మంటలొస్తాయి" అన్నారు. తర్వాత "కరెంటు బిల్లు అందరం కట్టాలా?" అన్నారు. అసలు భయం రెండోదే. కాబట్టి కామన్ మీటరు జోలికి పోకండి. మీ ఫ్లాట్ మీటరు నుంచే సొంత వైరు లాగుతానని కాగితం మీద రాసివ్వండి. మా మీటర్ల గది నుంచి నా పార్కింగ్‌కి 38 మీటర్లు. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, పైపులో, చివర విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి), లీకేజీ అయితే కరెంటు ఆపే ఆర్‌సీసీబీ, తాళం వేసే డబ్బా. అంతా కలిపి 21 వేలు అయింది. ఫొటోలు గ్రూపులో పెట్టాక ఎవరూ మాట్లాడలేదు. ఇప్పుడు మూడో అంతస్తు ఆయన వచ్చి వైరు ఎక్కడ కొన్నారని అడిగాడు.

స్లాబ్ మారుతుంది, అది చూసుకోండి. ఇంతకుముందు మా బిల్లు 280 యూనిట్ల దగ్గర ఉండేది. ఇప్పుడు కారుతో కలిసి నాలుగొందలు దాటింది. ఆ పై యూనిట్లకి తొమ్మిదిన్నర పడుతోంది. అయినా ఊళ్ళో తిరగడానికి చవకే, కానీ షోరూంలో చెప్పినంత చవక కాదు.

సాగరతీరం_వైజాగ్

అందుకే మేం పైన సోలార్ పెట్టించాం. పగలు బడిలో ఉంటాను కాబట్టి కారు ఎండలో చార్జ్ కాదు, అయినా నెట్ మీటరు (మేం లైనుకి పంపిన కరెంటుని లెక్కగట్టే మీటరు) వల్ల బిల్లులో సర్దుకుంటోంది.

ఇంకోటి అడుగుదామనుకున్నా, మీకు ఊళ్ళల్లో గేదెల సమస్య వచ్చిందా? చప్పుడు లేకపోవడంతో పక్కకి తప్పుకోవడం లేదు.

తెనాలి_ప్యాసింజర్

హహ, వచ్చింది. అంగలకుదురు దగ్గర మంద అడ్డం వచ్చింది. పాత బండైతే ఇంజన్ చప్పుడుకే కాస్త కదిలేవి. దీనితో మెల్లగా వెనకే ఫర్లాంగు దూరం నడిచాం. కాపరి కుర్రాడు వెనక్కి తిరిగి చూసి ఉలిక్కిపడ్డాడు, "ఎప్పట్నించి ఉన్నారండీ?" అని. పచ్చ నంబరు ప్లేటు చూసి, ఇది కరెంటుదా అని చక్రం దగ్గర చెవి పెట్టి విన్నాడు.

డీజిల్_దొర

గేదెల విషయంలో మాత్రం మా ఇంజనుదే గెలుపు. సరే గానీ ఒక నిజమైన ప్రశ్న. 80లో వెళ్తే ఎంత, 100లో వెళ్తే ఎంత? వాదన కోసం కాదు, తెలుసుకోవాలని.

తెనాలి_ప్యాసింజర్

తిరుగు ప్రయాణంలో కోదాడ నుంచి సూర్యాపేట దాకా అదే చూశాను. 80లో యూనిట్‌కి ఏడున్నర దాకా వచ్చింది. 100కి తీసుకెళ్తే ఆరు లోపుకి పడింది. నలభై కిలోమీటర్లకి 80లో అరగంట, 100లో 24 నిమిషాలు. ఆరు నిమిషాలు కలిసొస్తాయి, కానీ అదనంగా పోయిన ఒకటిన్నర యూనిట్ మళ్ళీ ఎక్కించడానికి చార్జర్ దగ్గర మూడు నిమిషాలు. అంటే ఇంకా లాభమే. చార్జర్ ఖాళీగా ఉండి, పనిచేస్తుంటేనే ఈ లెక్క.

సాగరతీరం_వైజాగ్

వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు దాని వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 100 అంటే వేగం పావు వంతే ఎక్కువ, గాలి మాత్రం ఒకటిన్నర రెట్లు. మా తొమ్మిదో తరగతి పిల్లలకి ఇప్పుడు కారు స్క్రీన్ ఫొటో చూపించి ఈ పాఠం చెప్తున్నాను.

పాలమూరు_పిల్లగాడు

శ్రీశైలం పోయొచ్చినం అన్నా. నిండ చార్జ్ చేసి కొండ దిగకుండ అక్క చెప్పినట్టు 80కే ఆపినం. రాత్రి తొమ్మిదికి అడవి గేటు బంద్ చేస్తరు గద, దానికి భయపడి తొందరగ బయల్దేరినం, బ్యాటరీకి కాదు.

కొత్త_కొనుగోలుదారు

నా బండి వచ్చింది! నిమ్మకాయల చప్పుడు విన్నాను, నిజమే.

నిన్న విజయవాడ వెళ్తూ సూర్యాపేటలో ఆగాను, ప్యాసింజర్ అన్న చెప్పిన హోటలే. మొదటి గన్ ఖాళీగానే ఉంది, వెంటనే దొరికింది. రెండోది ఇంకా అలాగే ఉంది. దాని మీద ఎవరో తడి టవలు ఆరేశారు.